పైలట్‌కూ ‘స్పేర్’ డ్యూటీ ఉంది

ఉయ్యాలవాడ: ఓర్వకల్లు విమానాశ్రయాన్ని మన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరుతో 2021 మార్చి 25న ప్రారంభించారు. కొడుకునో కూతురినో పైలట్‌ను చేయాలనుకునే తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది.

బస్సు డిపోలో స్పేర్ డ్రైవరు ఉన్నట్టే, విమాన కంపెనీల్లో కొందరు పైలట్లను ‘స్టాండ్‌బై’లో ఉంచుతారు. డ్యూటీలో ఉన్నవారికి జబ్బు చేసినా, విమానం ఆలస్యమైనా వీరికి పిలుపు వస్తుంది. పిలుపు రాకపోయినా ఊరు దాటి పోరాదు, మందు ముట్టరాదు.

విమానాశ్రయంలో కూర్చుని వేచి ఉంటే ఆ వేళంతా డ్యూటీయే. ఇంటివద్ద వేచి ఉంటే కొంత భాగమే డ్యూటీ కిందికి వస్తుంది. ఇది అలసట పెరగకుండా పౌర విమానయాన డైరెక్టరేట్ పెట్టిన లెక్క. జీతం లెక్క వేరు. అది కంపెనీతో రాసుకున్న ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. జీతంలో కొంత ఎగిరిన గంటలను బట్టి ముడుతుంది గనుక, పిలుపు రాని నెలలో కనీసం ఎన్ని గంటలకు కట్టి ఇస్తారన్నదే ముఖ్యం.

పైలట్లకు వారానికి 36 గంటలుగా ఉన్న విశ్రాంతిని 2025 జూలై నుంచి 48 గంటలు చేశారు. నవంబరు నుంచి రాత్రివేళ విమానాలు దించడాన్ని ఆరుసార్ల నుంచి రెండుసార్లకు తగ్గించారు. అందుకు తగినట్టు పైలట్లను సిద్ధం చేసుకోని ఇండిగో కంపెనీ, డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలను రద్దు చేసుకోవలసి వచ్చింది. కొన్ని నిబంధనలను 2026 ఫిబ్రవరి 10 దాకా ఆ కంపెనీకి సడలించారు. ఊరికే కూర్చున్నట్టు కనిపించే పైలట్ విలువ అప్పుడు అందరికీ తెలిసివచ్చింది.

అప్పుచేసి శిక్షణ ఇప్పించేవారు జీతమెంతని అడిగి ఊరుకోక, ఒప్పందంలో కనీస గంటలెన్నో చూసుకున్నాకే పిల్లల చేత సంతకం చేయించడం మంచిది.