మీ ఊరి సబ్ సెంటర్‌కి పైసలు ఎలా వస్తాయి?

పోయిన దసరాకి ఊరెళ్లినప్పుడు, బీపీ చూపిద్దామని నానమ్మని సబ్ సెంటర్‌కి తీసుకెళ్లా. మెషిన్ ఆన్ అవ్వలేదు. అక్కడి ఏఎన్ఎం తన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కొత్త సెల్స్ తీసి వేసింది. "ఇవి గవర్నమెంట్ ఇయ్యదా అక్కా?" అని అడిగా. "ఇస్తది తమ్మీ. పైసలు పడేదాక అవ్వ ఆగుతదా?" అంది. ఆ మాట వల్లే ఈ ఎపిసోడ్.

హెల్త్ ఫండ్స్ అంటే మనకి కోట్లే కనిపిస్తాయి. 2021-26కి స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్లు ఇవ్వమని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. అందులో గ్రామాల వాటా 43,928 కోట్లు. బిల్డింగులు, ల్యాబ్ టెస్టుల లాంటివి ఇందులోకి వస్తాయి. సెల్స్ రావు!

సెల్స్ లాంటి వాటికి ఇంకో దారి ఉంది. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు ఒక్కో సబ్ సెంటర్‌కి ఏడాదికి 10,000 రూపాయల 'అన్‌టైడ్ ఫండ్' పెట్టారు. తర్వాత పెంచారు కూడా. అన్‌టైడ్ అంటే, దేనికి ఖర్చు పెట్టాలో ఢిల్లీ చెప్పదు, ఊళ్లోనే తేల్చుకోవచ్చు. నల్లా రిపేరు, బల్బు, కర్టెన్, కట్టు గుడ్డ, బ్లీచింగ్ పౌడర్, అర్జెంటుగా పేషెంట్‌ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లే బండి కిరాయి... అన్నీ ఓకే. జీతాలకి మాత్రం వాడకూడదు. అకౌంట్ ఏఎన్ఎం, సర్పంచ్ ఇద్దరి పేరు మీద ఉండాలన్నారు. నాకైతే మొత్తం స్కీమ్‌లో బాగా నచ్చిన ఐడియా ఇదే.

మరి ఎక్కడ ఆగుతుంది? మన రెండు రాష్ట్రాల్లో ఈ మిషన్ ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం. కేంద్రం డబ్బు ముందు రాష్ట్ర ఖజానాకి వస్తుంది. అక్కడ రాష్ట్రం తన వాటా కలపాలి, తర్వాత హెల్త్ సొసైటీకి, జిల్లాకి, కిందికి. ఒక్కచోట లేటైతే చివర్లో ఉన్న సబ్ సెంటర్ వెయిటింగే. మా సాఫ్ట్‌వేర్ భాషలో, సర్వర్‌లో డేటా ఉంది, ఫోన్‌లో లోడ్ అవ్వట్లేదు.

మీ ఊరికి ఎంత పడిందో, దేనికి ఖర్చయిందో ఆర్టీఐలో అడగొచ్చు. ఏపీ, తెలంగాణల్లో గ్రామ స్థాయి ఆఫీసుకైతే దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నేను మొన్న సోమవారం పెట్టా. ఏమొచ్చిందో కాగితం చూపిస్తూ వీడియో చేస్తా.