మేక కాదు తమ్మీ, మేకు! సామెతల ఎనుక ఉన్న మనోళ్ల బతుకు

"ఏకై వచ్చి మేకై కూసున్నడు." ఈ సామెత మీ ఇండ్లల్ల చానసార్లు ఇనే ఉంటరు. దీని అర్థమేందని చదువుకునే పిల్లలను అడిగితే ఎక్కువమంది మేక దగ్గరనే ఆగుతరు. వచ్చినోడు మేక లెక్క అన్నీ మేసిండని చెప్తరు. తెలివైన జవాబే. కాని ఈ సామెతల మేక లేదు. ఉన్నది మేకు. అంటే గోడకు కొట్టే ఇనుప మొల.

మరి ఏకు అంటే ఏంది? పత్తిల గింజ తీసి, దూదిని ఏకి, మెత్తగ చుట్టి, రాట్నం మీద దారం తీసేటందుకు తయారు చేసుకునే దూది చుట్టను ఏకు అంటరు. దూదేకుల అనే మాటల ఉన్నది గూడ ఈ ఏకుడే. చేతుల పట్టుకుంటె బరువే తెల్వది. అంత మెత్తగ ఇంట్ల చొరబడినోడు తర్వాత పీకినా రాని మొల లెక్క దిగబడ్డడని ఆ సామెత చెప్తది. కాయితాలు అక్కెర లేదు, ఐదు నిమిషాలల్ల పైసలు అని ఫోన్ల చొరబడే లోన్ యాప్ గూడ ఏకు తీరుగనే వస్తది. మేకు ఎప్పుడయితదో కిస్తీ తప్పిన్నాడు తెలుస్తది.

రాట్నం ఇండ్లల్లకెల్లి పోయింది. రాట్నంతోని ఏకు పోయింది. ఏకు పోయినంక సామెత గుడ్డిదయింది. మన పెద్దోళ్ల మాటలు అర్థం కాకపోవుటానికి అసలు కారణం ఇదే. వాళ్లు అడ్డగోలుగ మాట్లాడిండ్రని కాదు, అందుల ఏదో దేవరహస్యం ఉన్నదని గూడ కాదు. ఆ మాటల ఉన్న పనిముట్టు, పని, రోగం, కరువు, దొరతనం మన కండ్ల ముందు లేవు. పోయిన వస్తువును పట్టుకుంటె సామెత దానంతట అదే తెరుసుకుంటది. దాంతోపాటు, బడి పుస్తకంల ఎవ్వరూ రాయని మనోళ్ల చరిత్ర గూడ బయటపడ్తది.

పోశమ్మ ఎందుకు కొట్టింది?

"పొట్టోన్ని పొడుగోడు కొడితే, పొడుగోన్ని పోశమ్మ కొట్టింది." మన తెలంగాణల ఇది తెల్వని ముసలవ్వ ఉండది. పోశమ్మ ఎవరు, పొడుగోన్ని ఎందుకు కొట్టిందని ఈ కాలం పిల్లలు నవ్వుకుంటరు. పోశమ్మ అంటే అప్పటి జనానికి మశూచి తల్లి. ఒంటి మీద పొక్కులు లేస్తే "అమ్మవారు పోసింది" అనేటోళ్లు. ఆ రోగం వస్తే బలమున్నోడు, లేనోడు, ఉన్నోడు, పేదోడు అని చూసేది కాదు. బతికినోళ్ల మొఖాల మీద గుంటలు మిగిలేవి, కొందరికి కండ్లు పోయేవి.

పొట్టోన్ని కొట్టిన పొడుగోనికి ఎదురు తిరిగే బలం ఊర్ల ఎవనికీ లేదు. పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ అందరూ వానికే సుట్టాలు. ఇగ వాన్ని కొట్టేటందుకు మిగిలింది రోగమే. న్యాయం అడిగే దిక్కు లేనోళ్లు పోశమ్మ మీద పెట్టుకున్న ఆశ ఆ సామెతల ఉన్నది. మన దేశంల మశూచి ఆఖరి కేసు 1975ల వచ్చింది. ప్రపంచంల ఆ రోగం లేకుంట పోయిందని 1980ల ప్రకటించిండ్రు. టీకా పోశమ్మ కోపాన్ని ఆపింది. పొడుగోన్ని ఆపే టీకా మాత్రం ఇంకా రాలే. అందుకే రోగం పోయినా సామెత బతికే ఉన్నది.

గంప ఎందుకు ఎత్తాలె?

"ఉత్తర చూసి ఎత్తర గంప, విశాఖ చూసి విడవర కొంప." ఇది కార్తెల సామెత. సూర్యుడు ఒక్కో నక్షత్రంల పదమూడు, పద్నాలుగు రోజులుంటడని లెక్క. అట్ల ఏడాదికి 27 కార్తెలు. ఉత్తర కార్తె సెప్టెంబర్ నడుమ మొదలయితది. విశాఖ నవంబర్ మొదటి వారంల వస్తది. ఉత్తర దాకా చూసినా వాన పడలేదంటె చెరువు నిండది, వరి చేతికి రాదు. ఇగ గింజల కోసం ఆగకు, సామాను గంపల ఏసుకొని బతుకపో అని సామెత చెప్తది. కొంచెం ఆశ మిగిలినోడు విశాఖ దాకా ఆగుతడు. అది గూడ ఎండితే ఇల్లే ఇడిసిపెట్టాలె.

ఎంత దుఃఖం చూడుండ్రి! ఇండ్లు ఇడిసి పోవుటానికి గూడ ఒక పంచాంగం ఉన్నది. పాలమూరు గోస తెలిసినోళ్లకు ఈ సామెత ఇడమర్చి చెప్పే పని లేదు. దేశంల యాడ ప్రాజెక్టు కట్టినా, యాడ కాలువ తవ్వినా "పాలమూరు లేబర్" అనే పేరు ఇనబడేది. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని, పిల్లలను ముసలోళ్ల దగ్గర ఇడిసి పోయిండ్రు. కరీంనగర్, నిజామాబాద్ దిక్కు పోరగాండ్లు బొంబాయి పోయిండ్రు, ఆ తర్వాత దుబాయి పోయిండ్రు. గంప పోయి ట్రంకు పెట్టె, అది పోయి సూట్‌కేసు వచ్చింది. ఎత్తుడు మాత్రం ఆగలేదు.

అయితే ఇక్కడ ఒక్క మాట. ఈ సామెత అంతా వాన మీద పెట్టి మాట్లాడుతది. పాలమూరు పక్కపొంటి కృష్ణ పారుతది, తుంగభద్ర పారుతది. నది పక్కనే ఉన్నా వలస పోయిండ్రంటె తప్పు ఒక్క మొగులుదేనా? పూడిక తియ్యని చెరువుది కాదా? నీళ్లు ఎటు మళ్లించాల్నో కూసొని తీర్మానం చేసినోళ్లది కాదా? సామెత మన బాధను దాసిపెట్టింది. బాధకు కారణం మాత్రం మనమే ఎతుక్కోవాలె.

"బతికుంటే బలుసాకు తినొచ్చు" అనేది గూడ ఆ కరువుల బిడ్డే. బలుసు అంటే గుట్టల పొంటి, బీడు భూములల్ల మొలిచే ముండ్ల చెట్టు. మంచి కాలంల దాని ఆకు కోసం ఎవ్వరూ అంత దూరం పోరు. గింజ లేని నాడు ఆకు మీద బతికిన మనుషులు చెప్పిన మాట అది. 1876-78ల దక్షిణ దేశమంతా లక్షలమందిని మింగిన కరువును మన పెద్దోళ్లు ధాత కరువు అన్నరు. అసొంటి కాలాలు ఎన్ని దాటితే ఒక ఆకు పేరు సామెతల కెక్కుతది! ఇయ్యాల ఆ మాటను ఓడిపోయినోనికి ధైర్యం చెప్పేటందుకు వాడుతున్నం. మంచిదే. కాని దాని కింద ఆకలి ఉన్నదని మరువొద్దు.

ఎవరు ఎవరితోని అన్నరు?

"రెడ్డొచ్చె మొదలాడు." రాత్రంత భాగోతం ఆడుతున్నరు. కథ సగం దాటింది. అప్పుడు ఊరి పెద్ద తీరుబాటుగ వస్తడు. ఇగ అంతా ఆపి మళ్ల మొదటికెల్లి ఆడాలె. ఇక్కడ రెడ్డి అంటే కులం పేరు కంటె ముందు ఊరి మీద పెత్తనం. ఆడేటోళ్ల కాళ్లు గుంజినా, చూసేటోళ్లు తెల్లారి నాట్లకు పోవాల్సి ఉన్నా లెక్క లేదు. దొర టైమే టైము. ఆ మాట దొర ముందల అనేటందుకు లేదు గనుక, ఎనుక నవ్వుకుంట అన్నరు. ఇయ్యాల మంత్రి వచ్చేదాక బడి పిల్లలను ఎండల కూసోబెట్టినప్పుడు ఆ సామెత గుర్తుకు రాకపోతే మనం దాన్ని మరిచిపోయినట్టే.

అన్ని సామెతలు మనోళ్లవి కావు. ఇది గట్టిగ చెప్పాలె. "ఆడది తిరిగి చెడ్డది, మగోడు తిరగక చెడ్డడు" అంటరు. ఇది ఎవరి ఇంట్ల పుట్టి ఉంటది? నాటు ఏసిన ఆడోళ్లు, కలుపు తీసిన ఆడోళ్లు, కట్టెలమోపు నెత్తిన పెట్టుకొని అంగడికి పోయిన ఆడోళ్లు తిరగకుంట ఊరు ఒక్కనాడైనా బువ్వ తిన్నదా? ఆడోళ్ల రెక్కల కష్టం అక్కెర లేని ఇంటోళ్లు అన్న మాటను, రెక్కలే ఆస్తిగ ఉన్న ఇండ్లల్ల గూడ ఆడపిల్లలను కాలేజీ మాన్పించేటందుకు వాడుతున్నరు. కులం పేరు పెట్టి ఎక్కిరించే సామెతలు గూడ బోలెడున్నయి. వాటిని నేను ఇక్కడ రాయను. పెద్దోళ్లు చెప్పిండ్రని వాటిని మొయ్యాల్సిన పని మనకు లేదు.

వాట్సాప్‌ల ఇప్పుడు రెండు తీర్ల మాటలు తిరుగుతున్నయి. సామెతలన్నీ మన పూర్వీకుల సైన్స్ అని ఒకటి. ఇవన్నీ ముసలోళ్ల చాదస్తం అని ఇంకొకటి. రెండూ ఆలోచించకుంట ఫార్వర్డ్ చేసేటోళ్లకు పనికొస్తయి. రోహిణిల రోళ్లు పగులుతయంటె ఎండ ఎంత కష్టమో చెప్పిండ్రు. రోలు నిజంగ పగులుతదా అని రుజువు ఎతకనక్కెర లేదు. ఇత్తనం ఏసే ముందు కార్తె చూసుకుంటె చూసుకోండ్రి, దాంతోపాటు వాతావరణ శాఖ కబురు గూడ చూడుండ్రి.

మన సామెతలను పుస్తకంల కెక్కించే పని ఎప్పుడో మొదలయింది. కెప్టెన్ కార్ అనే ఇంగ్లీషు అధికారి 1868లనే మద్రాసుల తెలుగు సామెతల పుస్తకం అచ్చేసిండు. కాని పుస్తకంల మాట దొరుకుతది, ఆ మాట అన్న మనిషి దొరకదు. ఆ మనిషి ఇంకా మీ ఇంటి అరుగు మీద ఉన్నది.

అందుకే తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఈ పని మీరే చెయ్యాలె. మీ నాయినమ్మ, అమ్మమ్మ, పక్కింటి తాత ఏదన్న అర్థం కాని మాట అంటె నవ్వి ఊకోకుండ్రి. మూడు సంగతులు అడుగుండ్రి. ఈ మాటల ఉన్న వస్తువు ఏంది, దాన్ని నువ్వు చూసినవా? ఈ మాట నీకు ఎవరు చెప్పిండ్రు, ఏ పని కాడ చెప్పిండ్రు? దీన్ని ఎవరు ఎవరితోని అనేటోళ్లు? ఫోన్ల రికార్డు చెయ్యుండ్రి. యాస సాఫు చెయ్యకుండ, ఆమె ఎట్ల అంటె అట్లనే రాయుండ్రి. చెప్పినామె పేరు, ఊరు గూడ ఆమెను అడిగి రాయుండ్రి.

మనోళ్లకు భూమి పట్టా దక్కలేదు, పుస్తకంల పేరు దక్కలేదు. దక్కింది నోరొక్కటే. ఆ నోట్లకెల్లి వచ్చిన మాట అర్థం గాకుంట పోతే, వాళ్లు పడ్డ కష్టానికి సాక్ష్యం గూడ పోయినట్టే.