పాత టైర్లు: తీగ లేని పలుకుకే ధర

గుంటూరు మిర్చి యార్డుకు బస్తాలు చేర్చే లారీలు, చిలకలూరిపేట, పర్చూరు ప్రాంతాల నుంచి పత్తి బేళ్ళు మోసే లారీలు వదిలే పాత టైర్లు తక్కువేమీ కావు. రీసోలింగుకు పనికిరానివి ఒకప్పుడు ఎడ్లబండ్లకు ఎక్కేవి. ట్రాక్టర్లు పెరిగి బండ్లు తగ్గటంతో ఆ గిరాకీ సన్నగిల్లింది. కాగా, ఇదే టైరును మరపట్టి, ఆ రబ్బరు పలుకును గుర్రపు స్వారీ మైదానాలలో ఇసుకతో కలిపి పరిచే పద్ధతి విదేశాలలో వాడుకలో వున్నది.

ఇసుక ఒక్కటే అయితే ఎండకు దుమ్ము లేస్తుంది. తొక్కిడికి గట్టిపడితే గుర్రం కాళ్ళు దెబ్బతింటాయి. రబ్బరు కలిస్తే అడుగు మెత్తగా పడుతుంది. మోతాదు మించితే మాత్రం నేల ఎగదన్ని గిట్టకు పట్టు దొరకదు.

ఇంగ్లండులోని లింగ్‌ఫీల్డ్ రేసుకోర్సు 2001లో ఇసుక, కృత్రిమ నార, పాత రబ్బరు కలిపి మైనం పట్టించిన పాలీట్రాక్ అనే బాటను వేసింది. అమెరికాలో కీన్‌లాండ్ 2006లో అదే రకం వేసి, 2014లో తిరిగి మట్టి బాటకు వెళ్ళింది. ఈ గిరాకీ మారిపోయేదేనని వర్తకులు గుర్తుంచుకోవాలి.

ధరను తేల్చేది శుభ్రత. తాలు కాయ కలిసిన మిర్చికి ధర ఎలా తెగుతుందో, తీగ ముక్క కలిసిన రబ్బరుకూ అంతే. సన్నని తీగ గిట్టలో దిగితే గుర్రం కుంటుతుంది. లారీ రేడియల్ టైరు బరువులో సుమారు ఐదో వంతు ఉక్కే. అంచు తీగ లాగి, ముక్కలు కోసి, మరపట్టి, అయస్కాంతంతో ఉక్కును ఏరి, జల్లెడ పట్టాలి. నైలాను టైరులో తీగ అంచుకే పరిమితం. అయితే దారపు పీచును విడదీయాలి. రెండు రకాలనూ కొనుగోలులోనే వేరు చేసుకోవటం లాభం.

స్థానిక గిరాకీపై పెద్ద ఆశలు పెట్టుకోరాదు. ఈ ప్రాంతంలో పందెమంటే ఒంగోలు గిత్తల బండలాగుడే. ఆ బరికి రబ్బరుతో పనిలేదు. గుర్రాల సంగతి హైదరాబాదులోని మలక్‌పేట రేసుకోర్సు, పోలీసు అకాడమీ వంటి కొద్ది చోట్లకే పరిమితం. పైగా నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు పగులుతుంది. అడుగున కంకర, నీరు పోయే దారి లేనిదే పైన ఏది పరిచినా నిలవదు.

ఎగుమతి తలపెట్టేవారు నిబంధనలు చూసుకోవాలి. ఐరోపా సమాజం 2022 ఆగస్టు నుంచి క్రీడాతలాల రబ్బరు పలుకులో హానికరమైన 8 రకాల రసాయనాల మొత్తాన్ని కిలోకు 20 మిల్లీగ్రాములకు పరిమితం చేసింది. కృత్రిమ క్రీడాతలాలలో నింపే 5 మిల్లీమీటర్లు, అంతకు లోపు పలుకు అమ్మకం అక్కడ 2031 అక్టోబరు 17 నుంచి నిషిద్ధం. సన్నపలుకు మరలపై పెట్టుబడి పెట్టేవారు ఈ గడువును లెక్కలో వేసుకోవాలి. మన దేశంలో 2022 జూలై నిబంధనల ప్రకారం టైర్ల ఉత్పత్తిదారులు నమోదైన రీసైక్లర్ల నుంచి సర్టిఫికెట్లు కొనవలసి వుంది. నమోదు లేని మరకు ఆ రాబడి దక్కదు.

బేరానికి ముందు నమూనా సంచిలో అయస్కాంతం తిప్పి చూస్తే చాలు. దానికి తీగ అంటితే ఆ సరుకు గుర్రాలకు పనికిరాదు.