ఒక పగ్గం బిగుసుకుంటే

2025 జనవరి తొలి వారంలో విశాఖ ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాల రిహార్సల్ జరుగుతుండగా ఇద్దరు అధికారుల పారాచూట్లు గాల్లో ఒకదానికొకటి చుట్టుకున్నాయి. ఇద్దరూ సముద్రంలో పడ్డారు. పడవ వెళ్లి క్షేమంగా బయటికి తెచ్చింది. ఆ వీడియో చూసిన తుళ్లూరు పాఠకుడొకరు ఓ ప్రశ్న పంపారు: పారాచూట్ శుభ్రంగా తెరుచుకున్నాక తిప్పడం మాత్రం కుదరకపోతే దూకినవాడు ఏం చేస్తాడని. విశాఖలో జరిగింది వేరు, అది రెండు గొడుగుల ముడి. కానీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. పైగా 2025 అక్టోబరులో డీఆర్‌డీఓ తన కొత్త సైనిక పారాచూట్‌తో 32,000 అడుగుల నుంచి దూకించామని ప్రకటిస్తూ, దాని గొప్పల్లో ‘బాగా తిప్పుకోవచ్చు’ అన్నదాన్నీ చేర్చింది.

ముందు రెండు ముక్కలు. నేటి స్కైడైవర్ వాడేది గుండ్రటి గొడుగు కాదు, గుడ్డతో చేసిన రెక్క. ముందు వైపు నోళ్లు తెరిచిన అరల్లోకి గాలి దూరి దాన్ని రెక్క ఆకారంలో బిగుతుగా నిలబెడుతుంది. 1964లో దీనికి పేటెంటు కోరిన డొమినా జాల్బర్ట్ గాలిపటాలు తయారుచేసే మనిషి. పారాచూట్ల తొలినాళ్లలో అందరి తలనొప్పీ ఒక్కటే, గొడుగు ఊగిపోవడం. 1797లో పారిస్‌లో పారాచూట్‌తో దూకిన గార్నెరిన్ ఊగుతూనే దిగాడు. ఊగకుండా ఉండాలని 1837లో లండన్‌లో రాబర్ట్ కాకింగ్ గొడుగును తలకిందులు శంకువులా కట్టించాడు. అది బరువెక్కువ, బలం తక్కువ. గాల్లోనే విరిగిపోయి ప్రాణం తీసింది. తిప్పడం గురించి ఆ రోజుల్లో ఎవరికీ బెంగ లేదు, ఎందుకంటే గుండ్రటి గొడుగు గాలి ఎటు తోస్తే అటు పోతుంది. జాల్బర్ట్ రెక్క అలా కాదు. గాలి లేకపోయినా సెకనుకు సుమారు 10 మీటర్లు ముందుకు దూసుకుపోతుంది. తుళ్లూరు చుట్టూ ఇప్పుడు నిలబడ్డ టవర్ క్రేన్లలో ఒకదాని వైపు అలా వెళ్తుంటే తిప్పుకోవాల్సిందే.

తిప్పడానికి రెక్క వెనక అంచుకు రెండు వైపులా బ్రేకు తాళ్లుంటాయి. వాటి చివర చేతికందే పట్టీల పేరు టాగిళ్లు. ఎడమది లాగితే ఎడమ అంచు కిందికి వంగుతుంది, అటు గాలి అడ్డు పెరుగుతుంది, రెక్క ఎడమకు తిరుగుతుంది. దాపటెద్దు మొరాయిస్తే బండి దాపటి వైపే తిరిగినట్టు. రెండూ కలిపి లాగితే వేగం చచ్చి మెత్తగా దిగుతాడు.

అసలు మెలిక ఇక్కడుంది. పారాచూట్ మడిచేటప్పుడే రెండు బ్రేకుల్నీ సగం దాకా లాగి, తాడులో ఉన్న చిన్న కంతలో టాగిల్ కొసను గుచ్చి ఉంచుతారు. అలా చేయకపోతే తెరుచుకున్న క్షణంలో రెక్క ముందుకు ఉరికి ముక్కు దించేస్తుంది. అంటే తెరుచుకోవడం సుఖంగా ఉండాలని పెట్టిన ఏర్పాటే తిప్పడంలో వచ్చే సగం చిక్కులకు పుట్టిల్లు. తెరుచుకునే కుదుపుకు ఒక టాగిల్ తనంతట తాను ఊడిపోతుంది, రెండోది సగం బ్రేకులోనే ఉండిపోతుంది. లేదా మిగులు తాడు టాగిల్ చుట్టూ ఉచ్చు పడి లాగినా రాదు. లేదా తాడే తెగుతుంది. కారణం ఏదైనా, రెండు వైపులూ సమానంగా ఉండవు, రెక్క ఒక పక్కకు తిరగడం మొదలెడుతుంది.

తిరిగితే తిరగనీ అనుకోకండి. ఈ లెక్క నాకు భలే ఇష్టం. మలుపులో రెక్క పక్కకు వాలుతుంది, మనిషి బయటికి విసిరినట్టు వెళ్తాడు. 60 డిగ్రీలు వాలితే రెక్క మోయాల్సిన బరువు రెట్టింపు. 80 కిలోల మనిషి దానికి 160 కిలోలు. రెక్క వేగం ఆ బరువు రెట్టింపు వర్గమూలం చొప్పున, అంటే 1.4 రెట్లు పెరుగుతుంది. దిగే వేగం ఈ రెండింటి లబ్ధం చొప్పున, 2.8 రెట్లు. మామూలుగా సెకనుకు 5 మీటర్ల చొప్పున దిగేవాడు ఇప్పుడు 14 మీటర్ల చొప్పున దిగుతాడు. ఆ వేగంతో నేలను తాకడం పది మీటర్ల ఎత్తు మేడ మీంచి దూకడంతో సమానం.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. వీపు మీద ఎలక్ట్రానిక్ పెట్టె ఉంది కదా, అదే రెండో గొడుగు తెరుస్తుందిలే అనుకుంటారు. జర్మనీకి చెందిన హెల్ముట్ క్లోత్ 1991లో తెచ్చిన సైప్రెస్ పెట్టె ఎన్నో ప్రాణాలు కాపాడింది, కాదనను. అయితే అది పనిచేయాలంటే సుమారు 750 అడుగుల దగ్గర మనిషి సెకనుకు 35 మీటర్ల పైన పడుతుండాలి. మన సుడివాడు పడేది 14 చొప్పునే! పై లెక్కనే వాడితే, 35కి చేరాలంటే రెక్క 74 డిగ్రీలు వాలాలి. పెట్టె దృష్టిలో ఇతను క్షేమంగా దిగుతున్నాడు. కాబట్టి పూర్తిగా తెరుచుకోని పారాచూట్ కంటే, అందంగా తెరుచుకుని ఒక పగ్గం బిగుసుకున్న పారాచూటే మోసకారి అంటాను. మొదటిది తేల్చి చెప్పేస్తుంది. రెండోది ఆశ పెడుతుంది, ఇంకొక్క లాగుడు లాగితే వచ్చేస్తుందేమో అని.

అందుకే నిర్ణయానికి ఎత్తు గీత గీశారు. అమెరికా పారాచూట్ సంఘం లెక్కలో కొత్తవాళ్లకు 2,500 అడుగులు, అనుభవం ఉన్నవాళ్లకు 1,800. ఆ గీత దాటేలోపు రెక్క తిన్నగా పోతుందా, రెండు వైపులా తిరుగుతుందా, వేగం చంపుకుంటుందా అని చూసుకోవాలి. ఒక టాగిల్ మాత్రమే ఊడి ఉంటే రెండోదాన్నీ ఊడదీస్తే చాలు, క్షణాల పని. ఒకటి బిగుసుకుంటే రెండోదాన్ని అంతే లాగి తిన్నగా పోవచ్చు, దిగే ముందు ఆపుకోగలడా అన్నదే అనుమానం. తాడు తెగితే, రెక్క తాళ్లను భుజాలకు కలిపే రైజర్ పట్టీల్లో వెనకవి రెండూ పట్టుకుని తిప్పుతారు. దానితో దిగడం సాధన చేసినవాడికే, ఎందుకంటే కొంచెం ఎక్కువ లాగినా రెక్క ఉన్నట్టుండి కూలిపోతుంది. ఇవేవీ కుదరకపోతే ఆ రెక్కను వదిలించుకుని రిజర్వ్, అంటే రెండో గొడుగు, తెరవాలి. 1,000 అడుగుల కింద మాత్రం వదిలించుకోకూడదు. 2,500 నుంచి అక్కడికి మన సుడివాడికి అరనిమిషం పడుతుంది, అంతే.

వదిలించుకోవడం ఒకప్పుడు నరకం. పాత కేప్‌వెల్ బిగింపుల్లో రెండు భుజాలకూ మూతలు తెరిచి, వాటిని వేరువేరుగా లాగాలి. ఒకటి ఊడి రెండోది ఊడకపోతే ఒంటి భుజం మీద వేలాడటమే. 1970ల్లో బిల్ బూత్ మూడు రింగులతో దీన్ని తేల్చేశాడు. భుజం దగ్గరి పెద్ద రింగులోంచి మధ్య రింగు, దానిలోంచి చిన్న రింగు, ఆ చిన్నదాని మీదుగా ఒక దారపు ఉచ్చు, ఉచ్చులో ఒక పసుపు తీగ. ఒక్కో మెట్టూ బరువును తగ్గించుకుంటూ వస్తుంది. మొత్తం కలిపితే సుమారు 200 వంతుల్లో ఒకటి. సుడిలో ఒక్కో భుజానికి 80 కిలోలు పడినా తీగ దగ్గరికి చేరేది అర కిలో లోపే. కుడి రొమ్ము దగ్గరి పిడి లాగగానే రెండు వైపులూ ఒకేసారి పట్టు వదిలేస్తాయి. మోటారు లేదు, బ్యాటరీ లేదు. స్కైడైవింగ్‌లో ఇంత ముచ్చటైన వస్తువు మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇదంతా తెలిసి ఉపయోగం ఏమిటంటారా? అన్ని గొడుగులకూ ఇది వర్తించదు. గగన్‌యాన్ కోసం 2025 ఆగస్టు 24న ఇస్రో శ్రీహరికోట దగ్గర హెలికాప్టర్ నుంచి వదిలిన నమూనాకు తగిలించినవి గుండ్రటి గొడుగులే. సముద్రంలో పడితే చాలు కాబట్టి వాటికి పగ్గాల గొడవ లేదు. మనలో ఎక్కువమందికి ఇది పనికొచ్చేది ఎప్పుడైనా సరదాకి శిక్షకుడితో కలిసి టాండెమ్ దూకినప్పుడే. వీడియోకి ఎంత, ఫొటోలకి ఎంత అని బేరమాడే ముందు, ఎంత ఎత్తు దాకా చూసి వదిలించుకుంటారని శిక్షకుణ్ణి అడగండి. అంకె చెప్పడానికి తడుముకుంటే విమానం ఎక్కకండి.