బాయి కాడి మోటరుకు ఏ సిమ్ము మేలు?

దేవరకొండ, అచ్చంపేట వైపు చాలా బోర్లు గంటో రెండు గంటలో పోసి ఆగుతాయి; మళ్లీ ఊట ఊరాలి. నీళ్లు లేకుండా తిరిగితే మోటరు కాలుతుంది. అందుకే మొబైల్ స్టార్టర్లకు గిరాకీ. కరెంటు వచ్చినా, ఫేజు పోయినా, నీరు తగ్గినా మీ ఫోనుకు కబురొస్తుంది.

కొనేముందు అది 2జీదా, 4జీదా అని అడగండి. జియోకు 2జీ లేదు. 2జీ డబ్బాలో ఆ సిమ్ము వేస్తే పలకదు. ఊళ్లో సిగ్నలు ఉంటే చాలదు. ఫోను పట్టుకుని బాయి కాడ నిలబడి ఏ కంపెనీది అందుతుందో చూసుకోండి.

ఇక రీచార్జి. చిన్న రైతుకు అసలు బరువు ఇదే. యాప్‌తో నడిచే డబ్బా అయితే ఇంటర్నెట్ తప్పదు. మెసేజీలతో నడిచేదానికి ఇంటర్నెట్ ప్యాకు దండుగ. మాటలకు, మెసేజీలకే పనికొచ్చే ప్యాకులు కూడా ఉంచాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలను ఆదేశించింది. దుకాణంలో పేరు పెట్టి అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్తరా? అందులో మెసేజీలు ఎన్నో కూడా తెలుసుకోండి. కరెంటు వచ్చిందనడానికి మిస్డ్ కాల్ చాలు. మెసేజీలు మోటరు ఆగినప్పటికి ఉంచుకోవచ్చు.

ప్యాకు గడువు తేదీని స్టార్టరు డబ్బా మూత మీద రాసి పెట్టుకోండి.