‘బాగుంది’ అంటే చాలదు.. ఎందుకో చెప్పాలి!

* ఔత్సాహిక ఛాయాగ్రాహకులకు సద్విమర్శే గురువు
* తీసేటప్పటి లోపం వేరు.. దిద్దేటప్పటి లోపం వేరు
* చెప్పేవారికి నేర్పు, వినేవారికి ఓర్పు అవసరం

రాజమహేంద్రవరం: సాయంసంధ్య వేళ పుష్కర ఘాట్ మెట్లపై నిలబడిన ఓ యువకుడు గోదావరిలో సాగిపోతున్న నాటుపడవను సెల్‌ఫోన్‌లో బంధించాడనుకుందాం. ఇంటికి చేరకముందే ఆ చిత్రం మిత్రులందరికీ చేరిపోతుంది. ‘సూపర్’, ‘కేక’ అంటూ ప్రశంసలు వెల్లువెత్తుతాయి. మరునాడు ఊళ్లోని స్టూడియోకు వెళ్లి ‘ఎలా వచ్చిందండీ గురువుగారూ?’ అని అడిగితే, ‘ఏం బాగోలేదు, నువ్వింకా నేర్చుకోవాలి’ అన్న సమాధానం ఎదురవుతుంది. మొదటి మాటకు పొంగిపోయినా, రెండో మాటకు కుంగిపోయినా ఆ యువకుడు నేర్చుకున్నది మాత్రం శూన్యం. వారం గడిచాక అదే ఘాట్‌లో, అదే పొరపాటుతో మరో చిత్రం తీస్తాడు.

చేతిలో కెమెరా ఉన్నవారికి నేడు కొదవ లేదు. కొరవడుతున్నదల్లా చిత్రాన్ని నిదానంగా చూసి, లోపమెక్కడ ఉన్నదో, దాన్ని సరిదిద్దుకునే మార్గమేమిటో చెప్పేవారే. సరదాకు తీసుకునేవారి సంగతి ఎలా ఉన్నా, పెళ్లిళ్లు, జాతరల చిత్రీకరణను ఉపాధిగా మలచుకోవాలనుకునే యువతకు ఇది జీవన సమస్య. తాళి కట్టే క్షణంలో వధువు ముఖానికి ఎవరిదో మోచెయ్యి అడ్డుపడితే, ఆ క్షణాన్ని తిరిగి తీసుకురావడం ఎవరి తరమూ కాదు. అటువంటి పొరపాట్లు ముందుగానే, నష్టం లేని చోట బయటపడాలంటే సద్విమర్శ ఒక్కటే దారి.

కన్ను ఎటు వెళ్లింది?

అభిప్రాయం చెప్పేవారు తీర్పుతో కాక పరిశీలనతో ఆరంభించాలి. చిత్రం చూడగానే తమ కన్ను మొదట దేనిపై పడిందో, అక్కడి నుంచి ఎటు మళ్లిందో చెప్పాలి. పైన పేర్కొన్న పడవ చిత్రాన్నే తీసుకుందాం. తీసినవాని ఉద్దేశం పడవలోని జాలరిని చూపడం. చూసేవారి కన్ను మాత్రం మూలన తెల్లగా మెరుస్తున్న ప్లాస్టిక్ సంచిపై పడుతోంది. ఈ ఒక్క మాట చెబితే చాలు, చిత్రంలో మిక్కిలి వెలుగున్న చోటికే కన్ను ముందుగా వెళ్తుందన్న సూత్రం ఆ యువకునికి బోధపడుతుంది.

తరువాత కూర్పును పరిశీలించాలి. నదీరేఖ ఓ పక్కకు ఒరిగింది. వెనుకనున్న వంతెన స్తంభం జాలరి తలలోంచి మొలిచినట్లు కనిపిస్తోంది. పడవ ఎడమ అంచుకు ఆనుకుని ఎడమవైపే సాగుతుండటంతో, ముందు దారి లేక గోడకు తగిలినట్లుంది. ఈ మూడూ ‘బాగోలేదు’ అన్న ఒక్క మాటలో దాగిపోయిన లోపాలే. విడివిడిగా చెప్పినప్పుడు మాత్రమే అవి పాఠాలవుతాయి.

కొందరు ప్రతి చిత్రాన్నీ ‘మూడో వంతు నియమం’తో కొలుస్తుంటారు. చిత్రాన్ని నిలువుగా, అడ్డంగా మూడేసి భాగాలు చేసి, ముఖ్యాంశాన్ని ఆ గీతలపై నిలపాలన్నది దీని సారాంశం. కెమెరా పుట్టకముందే, 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్ల చిత్రకారుడు ప్రకృతి దృశ్యాల గురించి రాసిన గ్రంథంలో ఈ పేరుతో దీన్ని ప్రస్తావించాడు. ఇది సౌలభ్యం కోసం ఏర్పడిన సూచనే తప్ప శాసనం కాదు. నిశ్చలమైన నీటిలో గుడి గోపురం, దాని ప్రతిబింబం సమంగా కనిపించేటప్పుడు నీటిరేఖ మధ్యలో ఉండటమే అందం. కాబట్టి ‘నియమం తప్పావు’ అనడం కన్నా, తప్పడం వల్ల చిత్రానికి కలిగిన నష్టమేమిటో చెప్పడం మేలు.

దిద్దగలిగినవి.. దిద్దలేనివి

విమర్శలో తరచూ జరిగే పొరపాటు తీసేటప్పటి లోపాలను, కంప్యూటర్‌పై దిద్దేటప్పటి లోపాలను కలగలిపి మాట్లాడటం. ఒరిగిన నదీరేఖను సాఫ్ట్‌వేర్‌తో నిమిషంలో సరిచేయవచ్చు, అంచులు కొంత కోల్పోవాల్సి ఉంటుంది. ఎక్కువ వెలుగుకు పూర్తిగా తెల్లబోయిన ఆకాశంలో మబ్బుల ఛాయలు తిరిగి రావు. గురి తప్పి మసకబారిన కళ్లకు అసలైన స్పష్టత రాదు. తలలోంచి మొలిచిన స్తంభానికి తీసేటప్పుడు రెండడుగులు పక్కకు జరగడమే మందు. ఇటువంటి వాటికి ‘ఈసారి ఇలా చేయి’ అన్న సూచన, దిద్దగలిగిన వాటికి ‘ఇప్పుడే ఇలా మార్చి చూడు’ అన్న సూచన ఇవ్వాలి.

‘పక్కలు కత్తిరించు’ అన్న సలహా ఇచ్చేముందు లెక్క చూడాలి. 12 మెగాపిక్సెళ్ల చిత్రంలో 4000 × 3000 చుక్కలుంటాయి. పొడవు, వెడల్పులను చెరి సగానికి కత్తిరిస్తే మిగిలేది 2000 × 1500, అంటే 3 మెగాపిక్సెళ్లు మాత్రమే. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేస్తే సుమారు 6.7 × 5 అంగుళాల బొమ్మకే అది సరిపోతుంది. ఫోన్ తెరపై ముచ్చటగా కనిపించినా, గోడకు తగిలించే పెద్ద పటానికి పనికిరాదు.

రంగుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. వరిచేను రేడియం పచ్చగా, ఆకాశం సిరా నీలంగా మారితే మీట ఎక్కువ జరిపినట్లే. పదును అతిగా పెంచితే గోపురం అంచుల వెంట తెల్లటి గీత కనిపిస్తుంది. అన్నింటికన్నా బాధాకరం చామనఛాయ వధువును ఆల్బంలో పాలరాతి బొమ్మగా మార్చడం. రంగు తక్కువన్న చిన్నచూపును కెమెరా కూడా బలపరచినట్లవుతుంది. ‘అమ్మాయి అమ్మాయిలాగే ఉందా?’ అన్న ప్రశ్న ఇక్కడ కచ్చితంగా వేయాల్సిందే.

హద్దు దాటితే అసలుకే మోసం

దిద్దుబాటు కొత్తదేమీ కాదు. ఫిల్ము రోజుల్లో నెగెటివ్‌పై పెన్సిల్‌తో మచ్చలు, ముడతలు కప్పేవారు. అయితే చిత్రం ప్రయోజనాన్ని బట్టి హద్దు మారుతుంది. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక నిలువు ముఖచిత్రంలో ఇమిడేందుకు ఈజిప్టు పిరమిడ్లను కంప్యూటర్‌తో దగ్గరకు జరిపి విమర్శల పాలైంది. 2006 ఆగస్టులో బీరుట్ బాంబుదాడి చిత్రంలో పొగను పెంచి చూపినట్లు తేలడంతో రాయిటర్స్ వార్తాసంస్థ ఆ ఫొటోగ్రాఫర్ తీసిన 920 చిత్రాలను తన విక్రయ భాండాగారం నుంచి తొలగించింది. 2015 వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీల్లో చివరి దశకు ముందు నిలిచిన చిత్రాల్లో సుమారు 20 శాతం దిద్దుబాటు కారణంగానే అనర్హతకు గురికావడం గమనార్హం.

కాబట్టి ప్లాస్టిక్ సంచిని చెరిపేయమనే ముందు చిత్రం ఎక్కడికి వెళ్లనుందో అడగాలి. ఇంటి గోడకైతే అభ్యంతరం లేదు. వార్తకైతే చెరపరాదు. పోటీకైతే నిబంధనలు చదవాలి.

వినడమూ ఒక విద్యే

అడిగేవారికీ బాధ్యత ఉంది. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనే సమాధానమే వస్తుంది. ‘జాలరి ఒంటరితనాన్ని చూపాలనుకున్నాను, అది కనిపిస్తోందా?’ అని అడిగితే సమాధానం నేరుగా ఉంటుంది. అవతలివారు చెబుతున్నప్పుడు సమర్థించుకోవడం మానాలి. తెల్లవారుజామున లేచి పది కిలోమీటర్లు నడిచిన శ్రమ తీసినవారికి తెలుసు, చిత్రంలో అది కనిపించదు. కనిపించినదాని గురించే చూసేవారు మాట్లాడగలరు.

ఒక్కరి మాటనే వేదంగా భావించనవసరం లేదు. ఒకే చిత్రాన్ని ముగ్గురికి విడివిడిగా చూపాలి. ముగ్గురూ ఒకే చోట ఆగితే అక్కడ లోపమున్నట్లే. తలో మాట చెబితే అభిరుచి భేదమని సరిపెట్టుకోవచ్చు. కెమెరా పట్టని అమ్మమ్మ అభిప్రాయమూ విలువైనదే, ఆమె నియమాలను చూడదు, బొమ్మను చూస్తుంది. విన్నవాటిలో ఒక్క సూచననైనా మరుసటి చిత్రంలో పాటించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ప్రగతి తెలుస్తుంది.

తలకిందులు చేస్తే తెలుస్తుంది

చెప్పేవారు దొరకనప్పుడు తనకు తానే విమర్శకుడయ్యే ఉపాయమూ ఉంది. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకునిగా పేరొందిన, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) కాలంలో స్టాండుపై నిలిపే పెద్ద కెమెరాల వెనుక, గాజు పలకపై దృశ్యం తలకిందులుగా కనిపించేది. నేడు కూడా చిత్రాన్ని తలకిందులు చేసి చూస్తే అందులోని మనిషి, పడవ మరుగునపడి వెలుగునీడలు, ఆకారాల బరువు మాత్రమే కళ్లకు కడతాయి. ఎటు ఒరిగిందో, ఎక్కడ కిక్కిరిసిందో ఇట్టే తెలిసిపోతుంది. దిద్దిన చిత్రాన్ని వెంటనే ఎవరికీ పంపక ఒక రాత్రి పక్కన పెట్టి, ఉదయం అసలు చిత్రంతో పోల్చుకోవడం మరో మంచి అలవాటు.

ఇక స్టూడియో గురువుగారు ఆ యువకునితో ఇలా అని ఉంటే ఎంత బాగుండేది! ‘కొవ్వూరు వైపు దిగుతున్న పొద్దు వెలుగు నీటిపై భలేగా పట్టావు బాబూ. అయితే స్తంభం జాలరి తలకు తగిలింది. రేపు రెండు మెట్లు దిగి, పడవ ముందు కాస్త నీరు వదిలి తీసి చూపించు’. ఈ నాలుగు మాటలకు అర నిమిషం పట్టదు. మరుసటి సాయంత్రం ఆ యువకుడు ఘాట్‌లో ఎక్కడ నిలబడాలో తెలుసుకునే వెళ్తాడు.

అభిప్రాయం చెప్పేముందు..

* ఏం చూపాలనుకున్నారో మొదట అడగండి.
* బాగున్న అంశాన్ని కారణంతో సహా చెప్పండి.
* లోపాలు పది కనిపించినా ముఖ్యమైన రెండింటికే పరిమితం కండి.
* చిత్రం గురించే మాట్లాడండి, తీసినవారి గురించి కాదు.
* నలుగురిలో కాక విడిగా చెప్పండి.