హైటెక్ సిటీ నుంచి షెంజెన్‌కి: అక్కడ మీ ఫోన్ పనిచేస్తుందా?

మన సైబర్ టవర్స్ మొదలైంది 1998లో. చైనాలో షెంజెన్ స్పెషల్ ఎకనామిక్ జోన్ అయ్యింది 1980లో. అంటే 18 ఏళ్లు ముందున్నారు. మాదాపూర్ ట్రాఫిక్‌కి అలవాటైన చెవులకి అక్కడి తేడా వెంటనే తెలుస్తుంది. సిటీ బస్సులన్నీ 2017 కల్లా ఎలక్ట్రిక్ అయిపోయాయి, ఇంజిన్ మోతే ఉండదు.

అసలు షాక్ మాత్రం జేబులోని ఫోన్‌తోనే. ఇక్కడ ఛాయ్‌కి స్కాన్ చేసినట్టే అక్కడా క్యూఆర్ కోడే, కానీ అది అలీపే, వీచాట్‌లది. మన యూపీఐతో పనికాదు. లోకల్ వైఫైలో వాట్సాప్, గూగుల్ మ్యాప్స్ రావు, వాళ్ల గవర్నమెంట్ బ్లాక్ చేసింది. మనమూ 2020లో వీచాట్‌ని బ్యాన్ చేశాం లెండి!

మరి ఏం చేయాలి? అలీపేలో పాస్‌పోర్టు వివరాలిచ్చి వీసా లేదా మాస్టర్‌కార్డ్ లింక్ చేసుకోవచ్చు. దానికి ముందు బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేయండి, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. ఇండియా సిమ్‌కి రోమింగ్ ప్యాక్ వేయించుకుంటే వాట్సాప్ సాధారణంగా నడుస్తుంది. ఎందుకైనా మంచిది, కొంచెం యువాన్ క్యాష్ దగ్గరుంచుకోండి. బ్యాటరీ అయిపోతే ఆదుకునేది అదే!